కణితికి కాలువలు తవ్వించే ప్రోటీన్లు
జీర్ణాశయ క్యాన్సర్‌లో రక్తనాళాల పెరుగుదలను శాసించే అనులేఖన కారకాల కథ

పుదుచ్చేరి పట్టణానికి దక్షిణాన, తమిళనాడులోని కడలూరుకు చేరువలో ఉన్న బాహూరును ఆ ప్రాంతపు ధాన్యాగారం అంటారు. అక్కడి పొలాలకు ఆధారం బాహూరు చెరువు. పుదుచ్చేరి ప్రాంతంలో ఊసుడు చెరువు తర్వాత ఇదే పెద్దది. తెన్‌పెన్నై నది మీది సోర్నావూరు ఆనకట్ట దగ్గర మొదలయ్యే బంగారు కాలువ ఈ చెరువుకు నీరు తెస్తుంది. బంగారు, సింగారు అనే ఇద్దరు నర్తకీమణులు తమ సంపదంతా వెచ్చించి ఈ కాలువ తవ్వించారని స్థానికులు చెప్పుకుంటారు.

చెరువు కింద సేద్యం చేసే రైతుకు ఒక సంగతి బాగా తెలుసు. కాలువ ఎంతవరకు పారితే పంట అంతవరకే పండుతుంది. ఆ పైన ఒక్క ఎకరం సాగు చేయాలన్నా కొత్త పిల్లకాలువ తవ్వాల్సిందే. మన శరీరంలో పెరిగే క్యాన్సర్ కణితికీ ఇదే పరిమితి ఉంది. రక్తనాళాలు దగ్గరకు రాకపోతే అది పెరగలేదు. అందుకే కణితి కొత్త రక్తనాళాలను తనవైపు రప్పించుకుంటుంది. ఆ పని చేయమని కణంలో ఆదేశాలు ఇచ్చేవి అనులేఖన కారకాలనే ప్రోటీన్లు. జీర్ణాశయ క్యాన్సర్‌లో ఇవి ఎలా పనిచేస్తాయి? వీటిని అడ్డుకుంటే వ్యాధి అదుపులోకి వస్తుందా? రెండు దశాబ్దాలకు పైగా శాస్త్రవేత్తలు ఈ ప్రశ్నలకు సమాధానం వెతుకుతున్నారు.

ఈ వెతుకులాటకు కారణం చిన్నది కాదు. 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 9 లక్షల 68 వేల మందికి కొత్తగా జీర్ణాశయ క్యాన్సర్ వచ్చింది. దాదాపు 6 లక్షల 60 వేల మంది దీనివల్ల మరణించారు. మన దేశంలో ఈ వ్యాధి మిజోరంలో అత్యధికం. ఉత్తరాదితో పోలిస్తే దక్షిణాదిలో ఎక్కువ. చెన్నై క్యాన్సర్ రిజిస్ట్రీలో పురుషులకు వచ్చే క్యాన్సర్లలో ఇది చాలాకాలం మొదటి స్థానంలో ఉంది. బాహూరు కూడా ఈ తీరప్రాంతంలోనిదే.

ఒక శస్త్రవైద్యుడి ఊహ

కణితి పెరగాలంటే కొత్త రక్తనాళాలు కావాలనీ, వాటిని ఆపితే కణితిని ఆపవచ్చనీ 1971లో గట్టిగా ప్రతిపాదించినవారు అమెరికా శస్త్రవైద్యుడు జూడా ఫోక్‌మన్. ఆయన బోస్టన్‌లోని పిల్లల ఆసుపత్రిలో పనిచేసేవారు. ఆ ఆసుపత్రికి తెలుగువారితో ఒక పరోక్ష సంబంధం ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో తయారుచేయించిన అమినోప్టెరిన్ మందును 1947లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చి చూసింది అక్కడే. మందులతో క్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా లొంగదీయవచ్చని ఆ ప్రయోగం చూపింది.

ఫోక్‌మన్ వాదన వెనుక ఒక సరళమైన లెక్క ఉంది. ఆక్సిజన్ రక్తనాళం నుంచి కణజాలంలోకి 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల దూరం వరకే చొచ్చుకుపోగలదు. అంతకంటే దూరంగా ఉన్న కణాలకు ఊపిరి ఆడదు. అందువల్ల సొంత రక్తనాళాలు లేని కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి పెరగలేదు. అక్కడే ఆగి ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండిపోవచ్చు. పక్కనున్న రక్తనాళాల నుంచి కొత్త కొమ్మలు మొలిచి కణితిలోకి చొరబడితే మాత్రం పరిస్థితి మారిపోతుంది. ఆహారం, ఆక్సిజన్ అందుతాయి. అదే దారిన క్యాన్సర్ కణాలు రక్తంలోకి చేరి కాలేయానికీ ఇతర అవయవాలకూ ప్రయాణిస్తాయి. ఇలా కొత్త రక్తనాళాలు ఏర్పడటాన్నే యాంజియోజెనెసిస్ అంటారు.

దీనికి కావలసిన రసాయన సంకేతం తర్వాతి కాలంలో దొరికింది. రక్తనాళాల గోడలను కారేలా చేసే ఒక ప్రోటీన్‌ను 1983లో హెరాల్డ్ డ్వోరాక్ బృందం కణితుల్లో గుర్తించింది. రక్తనాళ కణాలను పెంచే ఒక ప్రోటీన్‌ను 1989లో నెపోలియోన్ ఫెరారా బృందం వేరుచేసింది. చివరకు రెండూ ఒకటేనని తేలింది. దాని పేరు వీఈజీఎఫ్. కణితి దీన్ని చుట్టూ వెదజల్లుతుంది. సమీప రక్తనాళాల లోపలి కణాల మీద ఉండే గ్రాహకాలు దాన్ని అందుకుంటాయి. వెంటనే ఆ కణాలు విభజన చెందుతూ సంకేతం వచ్చిన దిక్కుగా సాగుతాయి.

తూము తెరిచే నీరుగంటి

వీఈజీఎఫ్‌ను తయారుచేసే జన్యువు మన కణాలన్నిటిలోనూ ఉంది. అయినా అన్ని కణాలూ దాన్ని ఎప్పుడూ ఒకే మోతాదులో తయారుచేయవు. మనిషిలో ప్రోటీన్లను తయారుచేసే జన్యువులు దాదాపు 20 వేలు. ఏ కణంలో, ఏ సమయంలో, ఏ జన్యువు ఎంత పనిచేయాలో నిర్ణయించే వ్యవస్థలో కీలకమైనవి అనులేఖన కారకాలు. ఇవి సుమారు 1,600 రకాలు. జన్యువులోని సమాచారాన్ని ఆర్‌ఎన్‌ఏగా నకలు తీయడాన్ని అనులేఖనం అంటారు. ఈ ప్రోటీన్లు జన్యువుకు ముందుండే డీఎన్‌ఏ భాగంలో తమకు సరిపడే అక్షరాల వరుసను గుర్తుపట్టి, అక్కడ కూర్చుని ఆ నకలు పనిని మొదలుపెట్టిస్తాయి. కొన్ని ఆపేస్తాయి కూడా.

తెలుగునాట చెరువుల దగ్గర నీరుగంటి ఉండేవాడు. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ పొలానికి ఎంతసేపు నీరు వదలాలో చూసేది అతనే. చెరువు మారదు, తూమూ మారదు. నీరుగంటి చేతిని బట్టి ఒక పొలం తడుస్తుంది, ఇంకొకటి ఎండుతుంది. అనులేఖన కారకాల పని కూడా ఇటువంటిదే. క్యాన్సర్‌లో చాలాసార్లు వీఈజీఎఫ్ జన్యువు చెడిపోయి ఉండదు. దాని తూమును అదే పనిగా ఎత్తిపట్టేవారు ఎక్కువవుతారు. దించేవారు మాయమవుతారు.

ఊపిరాడనప్పుడు మోగే గంట

వీరిలో అందరికంటే ముందు చెప్పుకోవలసింది హిఫ్-1. కణానికి ఆక్సిజన్ తగ్గినప్పుడు స్పందించే అనులేఖన కారకం ఇది. గ్రెగ్ సెమెంజా బృందం 1990ల్లో దీన్ని కనుగొంది. ఆక్సిజన్‌ను కణాలు ఎలా పసిగడతాయో వివరించినందుకు ఆయనకు, విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్‌లకు 2019లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

దీని పనితీరు విచిత్రంగా ఉంటుంది. హిఫ్-1లోని ఆల్ఫా భాగాన్ని కణం నిరంతరం తయారుచేస్తూనే ఉంటుంది. తయారైన కొద్ది నిమిషాల్లోనే ధ్వంసం చేస్తూ ఉంటుంది. ఆక్సిజన్ సరిపడా ఉన్నప్పుడు కొన్ని ఎంజైములు ఆ ప్రోటీన్‌పై ఒక రసాయన ముద్ర వేస్తాయి. వీహెచ్‌ఎల్ అనే మరో ప్రోటీన్ ఆ ముద్రను గుర్తించి దాన్ని విచ్ఛిన్నానికి పంపుతుంది. ముద్ర వేయాలంటే ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్ తగ్గితే ముద్ర పడదు. అప్పుడు హిఫ్-1 ఆల్ఫా పోగుపడి, కేంద్రకంలోకి చేరి, వీఈజీఎఫ్‌తో సహా అనేక జన్యువులను మేల్కొలుపుతుంది. ప్రతిసారీ కొత్తగా తయారుచేసుకోవడం కంటే తయారైనదాన్ని ధ్వంసం చేయడం ఆపితే స్పందన త్వరగా వస్తుంది. ఊపిరాడని కణానికి ఆ వేగం అవసరం.

ఆరోగ్యంగా ఉన్న శరీరానికి ఇది రక్షణ. గాయం మానాలన్నా, కడుపులో పుండు తగ్గాలన్నా కొత్త రక్తనాళాలు కావాలి. కణితి ఇదే ఏర్పాటును వాడుకుంటుంది. జీర్ణాశయ క్యాన్సర్‌లో హిఫ్-1 పాత్రను నేరుగా పరీక్షించిన ఒక అధ్యయనం 2004లో వెలువడింది. మనిషి జీర్ణాశయ క్యాన్సర్ కణాల్లో హిఫ్-1 ఆల్ఫా పనిని అడ్డుకుని, వాటిని ఎలుకల్లో పెంచి చూశారు. కణితులు చిన్నవిగా ఉండిపోయాయి. వాటిలో రక్తనాళాలు తగ్గాయి. ఏర్పడిన నాళాలు కూడా సరిగా పరిపక్వం కాలేదు.

ఎత్తేవారు, దించేవారు

జీర్ణాశయ క్యాన్సర్‌లో ఆక్సిజన్ కొరత ఒక్కటే కారణమైతే కథ ఇక్కడితో అయిపోయేది. ఆక్సిజన్ బాగానే అందుతున్న భాగాల్లోనూ వీఈజీఎఫ్ ఎక్కువగా కనిపిస్తుంది. అంటే తూము దగ్గర ఇంకెవరో ఉన్నారు.

వారిలో ఒకటి ఎస్‌పీ-1. వీఈజీఎఫ్ జన్యువు ముందుభాగంలో ఇది కూర్చునే చోట్లు అనేకం ఉన్నాయి. అమెరికాలోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో కెపింగ్ షీ బృందం శస్త్రచికిత్సలో తొలగించిన జీర్ణాశయ కణితులను పరీక్షించి 2003, 2004 సంవత్సరాల్లో ఫలితాలు ప్రకటించింది. ఎస్‌పీ-1 ఎక్కువగా ఉన్న కణితుల్లో వీఈజీఎఫ్ కూడా ఎక్కువగా ఉంది. అటువంటి రోగులు బతికిన కాలం తక్కువగా ఉంది.

ఎస్‌పీ-1 ఎందుకు పెరుగుతుంది? దీనికి ఒక కారణం కేఎల్‌ఎఫ్-4 తగ్గిపోవడమని అదే బృందం తర్వాత తెలిపింది. ఆరోగ్యవంతమైన జీర్ణాశయ పొరలో కేఎల్‌ఎఫ్-4 కణాల విభజనకు కళ్లెం వేస్తుంది. ఎస్‌పీ-1 తయారీనీ అదుపులో ఉంచుతుంది. క్యాన్సర్‌లో కేఎల్‌ఎఫ్-4 బాగా తగ్గుతుంది. ఒక కాపలాదారు వెళ్లిపోగానే మరొకరు విజృంభించినట్టు అవుతుంది.

మూడోది స్టాట్-3. ఇది మామూలుగా కణద్రవంలో నిష్క్రియంగా ఉంటుంది. వాపు సమయంలో విడుదలయ్యే ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సంకేతాలు కణం బయట తగిలితే క్రియాశీలమై కేంద్రకంలోకి వెళ్తుంది. క్రియాశీల స్టాట్-3 ఉన్న జీర్ణాశయ కణితుల్లో వీఈజీఎఫ్, సూక్ష్మ రక్తనాళాల సాంద్రత రెండూ ఎక్కువగా ఉంటాయని 2005లో ప్రచురించిన పరిశోధన చూపింది. ఫాక్స్-ఎం1 అనే మరో అనులేఖన కారకం కూడా ఇదే దారిలో రక్తనాళాల పెరుగుదలకు తోడ్పడుతుందని 2009లో తెలిసింది.

తూము దించే పక్షంలో రంక్స్-3 గురించి ఎక్కువగా చర్చ జరిగింది. జీర్ణాశయ క్యాన్సర్లలో ఈ జన్యువు తరచుగా మూగబోతుందని 2002లో యోషియాకి ఇటో బృందం ప్రకటించింది. జన్యువు అక్షరాలు మారకుండానే, దాని ముందుభాగంపై మిథైల్ సమూహాలు అతుక్కోవడంతో అది పనిచేయడం మానేస్తుంది. రంక్స్-3ని తిరిగి ప్రవేశపెడితే వీఈజీఎఫ్ తగ్గి, ఎలుకల్లో కణితుల రక్తనాళాలూ తగ్గాయని 2006లో మరో అధ్యయనం తెలిపింది. అయితే ఆరోగ్యవంతమైన జీర్ణాశయ పొర కణాల్లో రంక్స్-3 అసలు ఉంటుందా అన్న విషయంలో తర్వాత శాస్త్రవేత్తల మధ్య తీవ్రమైన భిన్నాభిప్రాయాలు వచ్చాయి.

ఒక కణితిలో ఇవన్నీ కలిసి పనిచేయవచ్చు. మరో కణితిలో ఒకటి రెండే ముఖ్యం కావచ్చు. 2014లో 295 జీర్ణాశయ కణితుల జన్యు సమాచారాన్ని విశ్లేషించిన అంతర్జాతీయ ప్రాజెక్టు ఈ వ్యాధిని నాలుగు ఉపరకాలుగా విభజించింది. క్రోమోజోములు అస్థిరంగా ఉండే ఉపరకంలో వీఈజీఎఫ్ జన్యువే అదనపు ప్రతులుగా పెరిగిన కేసులు కనిపించాయి. అంటే కొన్నిచోట్ల నీరుగంటితో పాటు తూముల సంఖ్య కూడా పెరుగుతోంది.

మొదలు ఎక్కడ?

చాలా జీర్ణాశయ క్యాన్సర్ల వెనుక ఒక సూక్ష్మజీవి ఉంది. 1982లో ఆస్ట్రేలియాకు చెందిన బారీ మార్షల్, రాబిన్ వారెన్ గుర్తించిన హెలికోబాక్టర్ పైలోరీ అది. ఈ ఆవిష్కరణకు వారికి 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. దీన్ని క్యాన్సర్ కారకంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే వర్గీకరించింది.

ఈ బాక్టీరియా జీర్ణాశయ పొరకు అతుక్కుని ఏళ్ల తరబడి వాపును కొనసాగిస్తుంది. కొన్ని రకాలు సూదిలాంటి నిర్మాణంతో కాగ్-ఏ అనే ప్రోటీన్‌ను కణంలోకి ఎక్కిస్తాయి. దాంతో ఎన్‌ఎఫ్-కప్పా బి, స్టాట్-3 వంటి అనులేఖన కారకాలు మేల్కొంటాయి. ఎన్‌ఎఫ్-కప్పా బి ఆదేశంతో ఇంటర్‌ల్యూకిన్-8 తయారవుతుంది. ఇది వాపును పెంచడమే కాకుండా రక్తనాళాల మొలకలనూ ప్రోత్సహిస్తుంది. అంటే కణితి పుట్టకముందే, పొట్టలో మంటగా ఉందని మనిషి అనుకునే దశలోనే, కాలువలు తవ్వే యంత్రాంగంలో కొంత భాగం కదలడం మొదలవుతుంది.

మన దేశంలో ఈ ఇన్ఫెక్షన్ చాలా సాధారణం. అయినా దాని వ్యాప్తితో పోలిస్తే జీర్ణాశయ క్యాన్సర్ తక్కువ. బాక్టీరియా రకం, ఆహారం, పొగాకు, వంశపారంపర్య లక్షణాలు అన్నీ కలిసే ఫలితాన్ని నిర్ణయిస్తాయని దీన్నిబట్టి అర్థమవుతుంది. పొగాకు, మద్యం, ఉప్పులో ఊరబెట్టి నిల్వచేసిన ఆహారం ముప్పును పెంచుతాయి.

మందులు సాధించింది ఎంత?

ప్రయోగశాలలో తెలిసినదంతా ఆసుపత్రి మంచం దగ్గర ఎంతవరకు పనికొచ్చింది? వీఈజీఎఫ్‌ను పట్టుకునే బెవాసిజుమాబ్ మందును 774 మంది జీర్ణాశయ క్యాన్సర్ రోగులపై పరీక్షించారు. 2011లో ఫలితాలు వచ్చాయి. కీమోథెరపీతో పాటు ఈ మందు తీసుకున్నవారి మధ్యగత జీవితకాలం 12.1 నెలలు, తీసుకోనివారిది 10.1 నెలలు. ఈ తేడా గణాంకపరంగా నిలబడలేదు. ఆసియా రోగుల్లో ప్రయోజనం మరింత తక్కువగా కనిపించింది.

వీఈజీఎఫ్ అతుక్కునే రెండో రకం గ్రాహకాన్ని మూసివేసే రాముసిరుమాబ్ కొంత మెరుగైన ఫలితం ఇచ్చింది. మొదటి చికిత్స విఫలమైనవారిలో దీన్ని ఒంటరిగా ఇస్తే మధ్యగత జీవితకాలం 3.8 నుంచి 5.2 నెలలకు పెరిగింది. పాక్లిటాక్సెల్‌తో కలిపి ఇస్తే 7.4 నుంచి 9.6 నెలలకు చేరింది. 2014లో ఇది అమెరికాలో అనుమతి పొందింది. అదే గ్రాహకాన్ని లోపలి నుంచి అడ్డుకునే అపాటినిబ్ మాత్ర చైనాలో జరిగిన పరీక్షలో 4.7 నెలలను 6.5 నెలలు చేసింది.

రెండు నెలలు. ఒక కుటుంబానికి అది తక్కువ కాకపోవచ్చు. కానీ ఫోక్‌మన్ సిద్ధాంతం ఆశ పుట్టించినంత పెద్ద గెలుపు అయితే కాదు. ఎందుకిలా? సమాధానం మళ్లీ అనులేఖన కారకాల దగ్గరే దొరుకుతుంది. మందు రక్తనాళాలను తగ్గించగానే కణితిలో ఆక్సిజన్ మరింత తగ్గుతుంది. హిఫ్-1 మరింత పెరుగుతుంది. వీఈజీఎఫ్ దారి మూసుకుపోయింది కాబట్టి కణితి ఎఫ్‌జీఎఫ్, యాంజియోపొయిటిన్-2 వంటి ఇతర సంకేతాల దారి పట్టవచ్చు. ఒక కాలువకు అడ్డుకట్ట వేస్తే నీరు గట్టు తెంచుకుని పక్కనుంచి పారినట్టు.

భారత సంతతికి చెందిన శాస్త్రవేత్త రాకేష్ జైన్ ఇంకో కోణాన్ని ముందుకు తెచ్చారు. కణితి రక్తనాళాలు వంకర టింకరగా ఉండి కారిపోతుంటాయి. వాటిగుండా కీమోథెరపీ మందు కూడా సరిగా చేరదు. తగిన మోతాదులో, తగిన సమయంలో వీఈజీఎఫ్‌ను తగ్గిస్తే ఈ నాళాలు కొంతకాలం సవ్యంగా మారి, మందు లోపలికి చేరుతుందని ఆయన 2001లో ప్రతిపాదించారు. కాలువను పూడ్చడం కంటే కొంతకాలం బాగుచేసి వాడుకోవడం మేలన్న ఆలోచన ఇది.

నేరుగా నీరుగంటినే ఆపితే?

అయితే వీఈజీఎఫ్‌ను వదిలేసి అనులేఖన కారకాలనే ఆపవచ్చు కదా అనిపిస్తుంది. ఇక్కడ రెండు చిక్కులు ఉన్నాయి. ఎంజైములకు మందు అణువు దూరి కూర్చునే గుంటలు ఉంటాయి. చాలా అనులేఖన కారకాలకు అలాంటి చోటు స్పష్టంగా ఉండదు. రెండోది, ఇవి ఆరోగ్యకరమైన కణాలకూ అవసరం. ఎస్‌పీ-1 మన కణాల్లో దాదాపు అన్నిచోట్లా పనిచేస్తుంది. అది డీఎన్‌ఏపై కూర్చునే చోట్లను ఆక్రమించే మిథ్రమైసిన్ అనే పాత మందు ఎలుకల్లో కణితుల రక్తనాళాలను తగ్గించింది. కానీ మనుషుల్లో దాని విషప్రభావం ఎక్కువ.

దారి పూర్తిగా మూసుకుపోలేదు. హిఫ్ కుటుంబంలోని హిఫ్-2 ఆల్ఫాలో ఒక గుంటను శాస్త్రవేత్తలు గుర్తించారు. అందులో ఇమిడే బెల్జుటిఫాన్ మందు 2021లో అమెరికాలో వీహెచ్‌ఎల్ వ్యాధికి సంబంధించిన కణితులకు అనుమతి పొందింది. జీర్ణాశయ క్యాన్సర్‌కు ఇంకా అలాంటి మందు లేదు. అయినా అనులేఖన కారకాన్ని మందుతో లొంగదీయడం అసాధ్యం కాదని ఇది రుజువు చేసింది.

పసుపులోని కర్‌క్యుమిన్ ఎన్‌ఎఫ్-కప్పా బి, స్టాట్-3లను తగ్గిస్తుందన్న ప్రయోగశాల ఫలితాలు తరచుగా ప్రచారంలోకి వస్తుంటాయి. గాజుపాత్రలోని కణాలపై పనిచేసినది రోగిలో పనిచేయాలని లేదు. కర్‌క్యుమిన్ రక్తంలోకి చాలా తక్కువగా చేరుతుంది. జీర్ణాశయ క్యాన్సర్‌ను నయం చేస్తుందని నిరూపణ కాలేదు. దాన్ని నమ్మి చికిత్స వాయిదా వేసుకోవడం ప్రమాదకరం.

బాహూరు నుంచి గోరిమేడు దాకా

బాహూరు పరిసరాల్లో ఎవరికైనా క్యాన్సర్ అనుమానం వస్తే పెద్ద ఆసుపత్రి అంటే గుర్తొచ్చేది పుదుచ్చేరి గోరిమేడులోని జిప్‌మర్. 1823లో ఫ్రెంచి పాలకులు మొదలుపెట్టిన వైద్య పాఠశాల నుంచి ఎదిగిన ఈ కేంద్ర ప్రభుత్వ సంస్థలో ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం ఉంది. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనే భాగమైన తెలుగు ప్రాంతం యానాం దీనికి వందల కిలోమీటర్ల దూరంలో, గోదావరి ఒడ్డున ఉంది. దగ్గరైనా దూరమైనా రోగి ఎంత తొందరగా వచ్చాడన్నదే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుంది.

కణితి జీర్ణాశయపు పై పొరకే పరిమితమై ఉన్నప్పుడు కొన్నిసార్లు ఎండోస్కోపీ ద్వారానే తొలగించవచ్చు. రక్తనాళాలు అల్లుకుని, కణాలు ఇతర అవయవాలకు చేరాక మిగిలేది పైన చెప్పిన రెండు నెలల లెక్క. దక్షిణ కొరియాలో 40 ఏళ్లు దాటినవారికి రెండేళ్లకోసారి జీర్ణాశయ పరీక్ష జాతీయ కార్యక్రమంగా చేస్తున్నారు. అక్కడ ఐదేళ్లు జీవించే రోగులు 70 శాతానికి పైగా ఉన్నారు. మన దగ్గర అందరికీ అలాంటి పరీక్ష చేసే కార్యక్రమం లేదు. అందువల్ల లక్షణాలను గుర్తించడం మరింత ముఖ్యం.

కొద్దిగా తినగానే కడుపు నిండినట్టు ఉండటం, కారణం లేకుండా బరువు తగ్గడం, మింగడానికి ఇబ్బంది, ఆగని వాంతులు, రక్తహీనత, తారులా నల్లటి మలం వంటివి కనిపిస్తే గ్యాస్ అనుకుని నెలల తరబడి మాత్రలతో సరిపెట్టుకోకూడదు. మలం నల్లబడటానికి కణితి నుంచి కారే రక్తం కారణం కావచ్చు. ఇంట్లో తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ వ్యాధి వచ్చి ఉంటే మరింత జాగ్రత్త అవసరం. హెలికోబాక్టర్ పైలోరీ ఉందని పరీక్షలో తేలితే వైద్యులు సూచించిన యాంటీబయాటిక్ మందులు పూర్తిగా వాడాలి. మధ్యలో ఆపేస్తే బాక్టీరియా మందులకు లొంగకుండా తయారవుతుంది.

ఏ కణితిలో ఏ అనులేఖన కారకం పైచేయి సాధించిందో ముందే తెలుసుకుని, దానికి తగిన మందును ఎంచుకునే దిశగా పరిశోధనలు సాగుతున్నాయి. అందుకు మన ప్రాంతపు రోగుల కణితుల సమాచారం కూడా కావాలి. ఆసియా, అమెరికా రోగుల్లో ఒకే మందు వేర్వేరుగా పనిచేయడం దీని అవసరాన్ని చూపుతోంది. ఆ మందులు వచ్చేదాకా మన చేతిలో ఉన్న మార్గం పొగాకు మానడం, ఇన్ఫెక్షన్‌కు చికిత్స చేయించుకోవడం, అనుమానం రాగానే ఎండోస్కోపీ చేయించుకోవడం. కాలువలు పారకముందు పట్టుకున్న కణితిని తొలగించడం నేటి వైద్యానికి సాధ్యమే.